మంత్రసానులకు బోధించిన వైద్యురాలు: డేమ్ ఈడిత్ బ్రౌన్

1864 మార్చి 24వ తేదీన ఇంగ్లండు వాయవ్య తీరమందలి వైట్‌హేవెన్ పట్టణములో ఈడిత్ మేరీ బ్రౌన్ జన్మించెను. విశ్వవిద్యాలయపు ద్వారములు స్త్రీలకు ఇంకను సగమే తెరువబడియున్న ఆ కాలములో ఆమె కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రము చదివి, పిమ్మట లండనులోని స్త్రీల వైద్య విద్యాలయములో వైద్యము అభ్యసించెను. 1891లో బాప్టిస్టు జెనానా మిషను పక్షమున భారతదేశమునకు వచ్చెను.

పరదాచాటున నున్న స్త్రీలు పురుష వైద్యుని యెదుటికి రారు; స్త్రీ వైద్యులా, బహు కొద్దిమంది. శిక్షణ పొందిన తోడు లేక చికిత్స చేయవలసివచ్చినప్పుడు ఈడిత్ మనస్సు కలత చెందెను. ఈ దేశపు క్రైస్తవ యువతులకే వైద్యము నేర్పవలెనని ఆమె నిశ్చయించుకొనెను. 1893 డిసెంబరులో వేర్వేరు మిషనులకు చెందిన స్త్రీ వైద్యులు లూధియానాలో కూడుకొని ఆ తలంపును అంగీకరించిరి. 1894లో నలుగురు విద్యార్థినులతో విద్యాలయము ఆరంభమయ్యెను. నేటి లూధియానా క్రైస్తవ వైద్య కళాశాల దానినుండి పెరిగినదే.

అయితే ఆనాడు పంజాబు గ్రామములలో బిడ్డలు పుట్టినది ఆసుపత్రులలో కాదు. ఇండ్లలో, దాయి అని పిలువబడు మంత్రసాని చేతులలో. పురుడు మైలగా ఎంచబడుటచేత బాలింతకు గాలి వెలుతురు లేని గదియు, పారవేయదగిన పాతగుడ్డలును దొరకెడివి. ఇంట నున్న కొడవలితోనో కత్తితోనో బొడ్డు కోసి, ఆ పచ్చిగాయముమీద బూడిదయో పేడయో పూసెడివారు. మొదటి రెండు దినములు చక్కగా పాలు త్రాగిన శిశువు దవడలు బిగుసుకొని, రొమ్ము పట్టలేక, దేహము విల్లువలె వంగి మరణించెడిది. పల్లెవారు దానిని దయ్యపు చేష్ట యనుకొనిరి. అది ధనుర్వాతము. మంటిలోను పేడలోను ఉండు దాని క్రిమిని కిటసాటో అను జపాను శాస్త్రజ్ఞుడు 1889లో వేరుచేసి చూపెను. అది ఈడిత్ ఈ దేశమునకు వచ్చుటకు రెండేండ్ల ముందటి మాట.

దాయిని నిందించుట సులభము; అనేకులు నిందించిరి కూడ. కాని ఆమె బీదరాలు. తల్లియో అత్తయో చూపినదే ఆమె విద్య. వేరొకటి ఆమెకు ఎవరును నేర్పలేదు. విద్యాలయమునుండి ఎందరు వైద్యురాండ్రు వెడలినను ప్రతి పల్లెకు చాలరని ఈడిత్ గ్రహించి, ఆ మంత్రసానులనే పాఠమునకు పిలిచెను. తమ జీవనాధారము పోవునేమోయని వారు వెనుదీసిరి. అప్పుడామె పాఠమునకు వచ్చినవారికి కొంత సొమ్ము ఇయ్యసాగెను. కూలినాలి చేసుకొను స్త్రీకి ఒక పూట విలువ యెంతో ఆమె ఎరుగును.

ఇట్టి శిక్షణలోని సంగతులు మిక్కిలి చిన్నవి. గోళ్లు కత్తిరించుకొని చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బొడ్డు కోయు సాధనమును, కట్టు దారమును నీటిలో మరిగింపవలెను. ఉతికి ఎండబెట్టిన గుడ్డనే వాడవలెను. బొడ్డుమీద ఏమియు పూయరాదు. చదువురాని స్త్రీ సైతము వీటిని చేయగలదు, కోడలికి చెప్పగలదు. అయినను తరతరముల అలవాటు ఒక్క పాఠముతో పోదు. కాబట్టి వైద్యురాండ్రతోపాటు నర్సులకును మంత్రసానులకును శిక్షణ నిచ్చుట ఆ సంస్థలో ఎడతెగక సాగెను.

1932లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెకు డేమ్ బిరుదు నిచ్చెను. 1942లో ఆమె పదవిని విడిచి, 1956 డిసెంబరు 6న శ్రీనగరులో తన 92 ఏండ్ల వయస్సున ప్రభువునందు నిద్రించెను. గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు విరివిగా ఇయ్యబడుటయు, కాన్పులు ఆసుపత్రులకు చేరుటయు ఆమె తరువాతి కాలపు సంగతులు. 2015లో భారతదేశము తల్లులకును నవజాత శిశువులకును వచ్చు ధనుర్వాతమును నిర్మూలించెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను. అనగా ప్రతి జిల్లాలోను సజీవముగా పుట్టిన వేయిమంది శిశువులలో ఒక్కరికంటె తక్కువమందికే ఆ రోగము వచ్చునని భావము. క్రిమి మాత్రము మంటిలో నేటికిని ఉన్నది; టీకాయు శుభ్రమైన చేతులును నేటికిని కావలెను.

ఐగుప్తులో హెబ్రీ శిశువులను బ్రదుకనిచ్చిన షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేళ్లను పరిశుద్ధ గ్రంథము మరువలేదు. ఆ ఫరో పేరునైతే అది చెప్పలేదు. లూధియానాలో చేతులు కడుగుకొన నేర్చిన దాయిల పేళ్లు మనకు తెలియవు, దేవునికి తెలియును. మన సంఘములోని ప్రతి గర్భిణియు ఈ చిన్న సంగతులను ఎరిగియున్నదా? ఆమెకు చెప్పవలసినవారు మనమే.