హెల్మెట్ వెనకున్న సర్జన్

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమా చూసినవాళ్లకు తొలి దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఎడారి, ఒంటెలు అప్పటికింకా రావు. ఒకాయన మోటారు సైకిల్ సిద్ధం చేసుకుని, పల్లె రోడ్డు మీద దూసుకెళ్తాడు. ఎదురుగా సైకిళ్లు కనిపించేసరికి పక్కకు తిప్పబోయి అదుపు తప్పుతాడు. కథంతా అక్కడి నుంచి వెనక్కి నడుస్తుంది. ఆ ప్రమాదం నిజంగానే జరిగింది. పడిపోయిన మనిషి మంచం దగ్గరికి పిలిపించిన డాక్టర్లలో ఓ యువ సర్జన్ ఉన్నాడు. ఆయన పేరు హ్యూ కెయిర్న్స్. ఈ రోజు మీ పిల్లాడు ఆఫీసుకు బయల్దేరుతూ తలకు పెట్టుకునే హెల్మెట్ మామూలు వస్తువు కావడానికి ప్రధాన కారకుల్లో ఈయన ఒకరు.

కెయిర్న్స్ 1896లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీ అనే రేవు ఊళ్లో పుట్టాడు. తండ్రి స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన వడ్రంగి. డబ్బున్న కుటుంబం కాదు, చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. అడిలైడ్‌లో మెడిసిన్ చదువుతుండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చదువు మధ్యలో ఆపి, మామూలు సిపాయి హోదాలో సైనిక ఆసుపత్రిలో పనిచేయడానికి లెమ్నోస్ దీవికి వెళ్లాడు. తిరిగొచ్చి 1917లో డిగ్రీ పూర్తిచేసి, ఈసారి డాక్టరుగా ఫ్రాన్స్ వెళ్లాడు. యుద్ధం ముగిశాక రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ చేరాడు. అక్కడ పడవ పందేల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాడు, తాను చదివిన కాలేజీ అధిపతి కూతురినే పెళ్లి చేసుకున్నాడు.

లండన్‌లో జనరల్ సర్జన్‌గా స్థిరపడుతున్న రోజుల్లో, 1926లో, ఫెలోషిప్ మీద అమెరికాలోని బోస్టన్ వెళ్లి హార్వే కుషింగ్ దగ్గర ఏడాది పనిచేశాడు. మెదడు ఆపరేషన్లను ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాడు కుషింగ్. గంటల తరబడి, ఒక్కో రక్తనాళాన్నీ ఆపుకుంటూ, తొందర లేకుండా చేసే పద్ధతి ఆయనది. ఆ శిక్షణ కెయిర్న్స్ దారి మార్చేసింది. తిరిగొచ్చి లండన్‌లో మెదడు సర్జరీకే అంకితమయ్యాడు. అప్పట్లో బ్రిటన్‌లో ఆ పని చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక 1935 మే 13. టి.ఇ. లారెన్స్‌కి అప్పుడు 46 ఏళ్లు. వైమానిక దళం నుంచి బయటికొచ్చి మూడు నెలలైనా కాలేదు. డోర్సెట్‌లో చిన్న ఇంట్లో ఉంటున్నాడు. బండి నడపడంలో కొత్తవాడేం కాదు, బ్రఫ్ సుపీరియర్ అనే ఖరీదైన మోటారు సైకిళ్లను ఒకదాని తర్వాత ఒకటి కొంటూ ఏళ్ల తరబడి నడిపినవాడు. ఆ రోజు వెళ్లింది కూడా దూర ప్రయాణం కాదు. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న సైనిక శిబిరం పోస్టాఫీసుకు వెళ్లి, టెలిగ్రామ్ ఇచ్చి తిరిగొస్తున్నాడు. దారిలో ఓ పల్లం. దాని అవతల సైకిళ్ల మీద ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లను తప్పించబోయి ఎగిరి పడ్డాడు. తల మీద ఏమీ లేదు.

ఇక్కడ కాస్త ఆగుతాను. మా ఆసుపత్రికి వచ్చే తల గాయాల కేసుల్లో ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒకటే ఉంటుంది. ఎక్కడికో వెళ్లలేదు, సందు చివర దాకానే వెళ్లాడు అంటారు. హెల్మెట్ ఇంట్లోనే ఉంటుంది, పెద్ద రోడ్డెక్కితేనే పెట్టుకోవాలనుకుంటారు. నెమ్మదిగా వెళ్తున్నాం కదా, ట్రాఫిక్‌లో ఇరవై దాటదు కదా అనేది ఇంకో ధైర్యం. చిన్న లెక్క చూడండి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండి మీంచి పక్కకు ఒరిగిపోయినా, సుమారు అయిదడుగుల ఎత్తు నుంచి తల నేలను చేరేసరికి దాని వేగం గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లు ఉంటుంది. బండి వేగం సున్నా. కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లు ఎక్కువగా పడేది కూడా ఇలాగే. ఇసుక ఉన్న మలుపులో ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కేస్తారు, లేదా ఆటో అడ్డొస్తే కాళ్లు ఆనించబోయి బ్యాలెన్స్ తప్పుతారు.

లారెన్స్ ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న చనిపోయాడు. అప్పటికి సీటీ స్కాన్ లేదు, వెంటిలేటర్లతో నడిచే ఐసీయూలూ లేవు. 38 ఏళ్ల కెయిర్న్స్ దేశంలోని మంచి మెదడు సర్జన్లలో ఒకడు. అయినా ఆ మంచం దగ్గర చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. లారెన్స్ మరణం కెయిర్న్స్‌ను ఎంతగా కదిలించిందో తర్వాతి కాలపు న్యూరోసర్జన్లు రాశారు. ఏదేమైనా, హెల్మెట్ పని వెంటనే మొదలవలేదు. మధ్యలో మరో పెద్ద బాధ్యత వచ్చిపడింది.

ఆక్స్‌ఫర్డ్‌లో వైద్య పరిశోధన, శిక్షణ ఒకేచోట జరిగే కేంద్రం ఉండాలన్నది కెయిర్న్స్ కల. దానికి డబ్బు ఇచ్చింది లార్డ్ నఫీల్డ్, అంటే మోరిస్ కార్ల కంపెనీ యజమాని. 1936లో ఏకంగా 20 లక్షల పౌండ్లు. ఇందులో నాకు నచ్చే విశేషం ఒకటుంది. నఫీల్డ్ జీవితం ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేయడంతో మొదలై, మోటారు సైకిళ్ల తయారీ మీదుగా కార్లకు చేరింది. అలా మోటారు బండ్ల సొమ్ముతో ఏర్పడిన సర్జరీ ప్రొఫెసర్ పదవిలో మొదట కూర్చున్నవాడు కెయిర్న్స్. ఆ కుర్చీలో ఉండగానే మోటారు సైకిళ్లు చేస్తున్న ప్రాణనష్టాన్ని లెక్కగట్టాడు.

1939లో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ అనే మహిళా కాలేజీని ఖాళీ చేయించి, తల గాయాల కోసమే సైనిక ఆసుపత్రి పెట్టించాడు. యుద్ధకాలంలో దాదాపు 13 వేల మందికి అక్కడ వైద్యం జరిగింది. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చేలోపే ఆలస్యమవుతోందని, సర్జన్లనూ సామగ్రినీ వాహనాల్లో యుద్ధరంగం దగ్గరికే పంపే సంచార యూనిట్లు తయారుచేయించాడు. 1943లో ఫ్లోరీతో కలిసి ఉత్తర ఆఫ్రికా వెళ్లి, సైనికుల గాయాలకు అప్పుడే కొత్తగా వచ్చిన పెన్సిలిన్ ఎలా పనిచేస్తుందో పరీక్షించాడు. ఫ్లోరీ కూడా అడిలైడ్‌లో చదివినవాడే.

ఈ ఆసుపత్రికి తుపాకీ గుళ్లు తగిలినవాళ్లు వస్తారని అనుకుంటాం. తొలి రోజుల్లో మోటారు సైకిళ్ల మీంచి పడినవాళ్లు కూడా వరసగా వచ్చారు. సైన్యంలో సందేశాలు మోసే డిస్పాచ్ రైడర్లు ఉండేవాళ్లు. సైన్యంలో చేరాకే బండి నేర్చుకున్న కుర్రాళ్లూ వాళ్లలో ఉన్నారు. బాంబుల భయంతో ఊళ్లన్నీ రాత్రిళ్లు చీకట్లో ఉండేవి. హెడ్‌లైట్లకు మూతలు వేసి, సన్నని వెలుగు మాత్రమే వదిలేవాళ్లు. ఆ చీకట్లో, తెలియని రోడ్ల మీద, అలవాటు లేని బండి.

కెయిర్న్స్ లెక్కలు తీశాడు. యుద్ధానికి ముందు 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద మోటారు సైకిల్ నడిపేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లు కలిపి 1,884 మంది చనిపోయారు. యుద్ధం మొదలయ్యాక తొలి 21 నెలల్లో ఆ సంఖ్య 2,279. పెట్రోలుకు రేషన్ ఉండగా, 21 శాతం పెరిగింది. చనిపోయినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి తల గాయాలున్నాయి. శత్రువు ఒక్క గుండు పేల్చకుండానే ఇంతమంది పోతున్నారు.

అప్పటికి హెల్మెట్ కొత్త వస్తువు కాదు. 1914లోనే బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ డాక్టరు ఎరిక్ గార్డ్‌నర్ గుడ్డకు లక్క పూత పూసిన హెల్మెట్లు చేయించి, పందేలలో తప్పనిసరి చేయించాడు. కాకపోతే అది రేసులవాళ్ల వస్తువుగానే మిగిలిపోయింది. పనికి వెళ్లేవాడికి దానితో ఏం పని అనుకున్నారు. కెయిర్న్స్ 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసంలో, హెల్మెట్ పెట్టుకుని ప్రమాదానికి గురైనవాళ్ల వివరాలు ఇచ్చాడు. వాళ్లు ఎంతమందో తెలుసా? ఏడుగురు. ఏడుగురూ బతికారు. ఈ రోజు ఏడు కేసులతో వ్యాసం పంపితే ఏ జర్నలైనా తిప్పి పంపేస్తుంది. కానీ వార్డులో రోజూ రోగులను చూసేవాడికి ఏడు కేసుల్లోనే తేడా తెలిసిపోతుంది. హెల్మెట్ మీద లోతుగా సొట్టపడి, లోపలి మనిషి లేచి మాట్లాడుతుంటే ఇంకేం కావాలి? సైనికులే కాదు, మామూలు జనం కూడా హెల్మెట్ పెట్టుకోవాలని ఆయన అప్పుడే రాశాడు.

ఆ నవంబరులోనే బ్రిటిష్ సైన్యంలో డ్యూటీ మీద బండి నడిపేవాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత నెలనెలా మరణాలు తగ్గుతూ వచ్చాయి. పెట్రోలు ఇంకా బిగిసిపోవడం కూడా ఇందుకు కారణమే కాబట్టి, మొత్తం ఘనత హెల్మెట్‌కే కట్టబెట్టడం సరికాదు. అందుకే కెయిర్న్స్ అంకెలతో ఆగలేదు. హోల్‌బర్న్ అనే భౌతిక శాస్త్రవేత్తను తోడు పెట్టుకుని, ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను, వాటిని పెట్టుకున్నవాళ్ల గాయాలను పక్కపక్కన పెట్టి పరిశీలించాడు. 1943లో ఆ ఫలితాలు వచ్చాయి.

హోల్‌బర్న్ చేసిన ఇంకో ప్రయోగం మీకు చెప్పాలి. మైనంతో పుర్రె ఆకారం చేసి, మెదడుకు బదులు అందులో జెలటిన్ నింపి, దెబ్బ తగిలితే లోపల ఏమవుతుందో చూశాడు. గిన్నెలో జున్ను ఉందనుకోండి. గిన్నెను చటుక్కున మెలితిప్పితే గిన్నెకు ఏమీ కాదు, జున్నులో చీలికలు వస్తాయి. మెదడులోనూ ఇంతే. పుర్రె పగలకపోయినా, బయట రక్తం రాకపోయినా, లోపలి తీగలు సాగి తెగుతాయి. రక్తం రాలేదు కదా, ఏం కాలేదులే అనుకోవడం ఎంత పొరపాటో ఈ జున్ను చెబుతుంది. పడిన మనిషి లేచి, నీళ్లు తాగి, మాట్లాడి, గంటో రెండు గంటలో గడిచాక మత్తులోకి జారిపోవడం మేం చూస్తూనే ఉంటాం. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం పేరుకుంటుంటే ఇలా జరుగుతుంది. తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్స్, చేయో కాలో బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా పడుకుంటే తగ్గుతుందని ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

హెల్మెట్‌లో గట్టి పెంకు అందరికీ కనిపిస్తుంది. అసలు పని చేసేది దాని లోపల ఉన్న, థర్మోకోల్‌లా ఉండే మందపాటి పొర. సిమెంటు గచ్చు మీద దూకడానికీ ఇసుక కుప్ప మీద దూకడానికీ ఉన్న తేడాయే ఇదీ. ఆ పొర నలుగుతూ తల ఆగే సమయాన్ని కాస్త పొడిగిస్తుంది. ఆ కాస్తలోనే ప్రాణం ఉంది. లక్షన్నర పెట్టి బండి కొనిచ్చి, రోడ్డు పక్కన మూడొందలకు దొరికే టోపీ లాంటిది పెట్టిస్తే ఆ పొర ఉండదు. ఐఎస్ఐ గుర్తు చూడండి. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతోపాటే కదలాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే తల నేలకు తగిలేలోపే అది ఎగిరిపోతుంది. వెనక కూర్చునే ఇల్లాలికి, బడికెళ్లే పిల్లలకు కూడా వేరే హెల్మెట్లు కావాలి. కెయిర్న్స్ లెక్కించిన మృతుల్లో వెనక సీటువాళ్లూ ఉన్నారని మరిచిపోవద్దు.

యుద్ధం ముగిశాక 1945 డిసెంబరులో కారు ప్రమాదంలో మెడ విరిగిన అమెరికన్ జనరల్ ప్యాటన్‌ను చూడటానికి కెయిర్న్స్ జర్మనీ వెళ్లాడు. అక్కడా ప్రాణం దక్కలేదు. 1946లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది క్రాష్ హెల్మెట్ల మీద మరో వ్యాసం రాశాడు. మామూలు జనం అప్పటికీ పెద్దగా పట్టించుకోలేదు. 1952 జులైలో క్యాన్సర్‌తో చనిపోయేనాటికి ఆయన వయసు 56.

ఆయన పుట్టిన ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1961లో హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఆయన పనిచేసిన బ్రిటన్‌లో 1973 జూన్ 1న గానీ చట్టం రాలేదు. తొలి వ్యాసానికీ దానికీ మధ్య 32 ఏళ్లు. మన మోటారు వాహనాల చట్టంలో 1988 నుంచే ఆ సెక్షన్ ఉంది. అయినా హెల్మెట్ చాలామంది మోచేతికో, పెట్రోలు ట్యాంకు మీదో కనిపిస్తుంది. పోలీసు కనబడితే నెత్తికెక్కుతుంది.

మా మెడికల్ వార్డుకు తల గాయంవాళ్లు ఎక్కువగా ఆలస్యంగా వస్తారు. సర్జన్లు ప్రాణం కాపాడి పంపిన ఆరు నెలలకో ఏడాదికో ఫిట్స్ మొదలై, లేదా మతిమరుపు, విపరీతమైన కోపం వచ్చి, ఉద్యోగం పోగొట్టుకుని. హెల్మెట్ పెట్టుకుని పడినవాళ్లు కూడా అప్పుడప్పుడూ కనిపిస్తారు, భుజమో కాలో విరిగి. అప్పుడు ఆ హెల్మెట్ తెచ్చి చూపించమని అడుగుతాను. ఓసారి ఓ తల్లి సంచిలో పెట్టుకుని తెచ్చింది. పెంకు పక్కన గీతలు, లోపలి పొర అరచేయంత మేర నలిగిపోయి ఉంది. కొడుకు మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. దాన్ని బాగు చేయించి మళ్లీ వాడుకోవచ్చా అని ఆవిడ అడిగింది. ఒకసారి నలిగిన పొర రెండోసారి పనిచేయదని, కొత్తది కొనమని చెప్పాను. పాతది మాత్రం పారేయకుండా ఇంటికి తీసుకెళ్లింది.