సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్

పలువురు కలసి చేయవలసిన కార్యము చెడుటకు నైపుణ్యలోపముకంటె మనస్పర్ధలే తఱచుగా కారణమగుచుండును. తరగతిలోను, ఆటస్థలమునందును, ఉద్యోగశాలలయందును మనమీ సంగతి చూచుచునే యున్నాము. ఒకనికి తొందర, ఒకనికి సోమరితనము, ఒకనికి గర్వము, ఒకనికి గొణుగుడు. ఇట్టివారినందఱిని కూడగట్టుకొని పని నెట్లు సాగింపవలెనో తెలిసికొనగోరువారు సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్ చరిత్రమును చదువవలెను.

షాకిల్టన్ 1874 వ సంవత్సరము ఫిబ్రవరి 15 వ తేదీని ఐర్లండు దేశమందలి కిల్డేర్ మండలములో జన్మించెను. కుమారుడు తనవలెనే వైద్యుడు కావలెనని తండ్రి కోరెను గాని, ఆ బాలుడు పదునాఱవ యేటనే ఓడపనిలో ప్రవేశించెను. 1901 లో కెప్టెన్ స్కాట్ వెంట దక్షిణధ్రువ ప్రాంతమునకు పోయి, జబ్బుపడి, 1903 లో స్వదేశమునకు రావలసినవాడయ్యెను. అయినను నిరాశపడక 1907 లో తానే నాయకుడై మరల బయలుదేరెను.

1909 జనవరి 9 వ తేదీనాటికి ఆయనయు, ముగ్గురు సహచరులును ధ్రువమునకు సుమారు 180 కిలోమీటర్ల దూరమునకు చేరిరి. అంతకు పూర్వము మానవుడెవ్వడును అంత దక్షిణమునకు పోయియుండలేదు. ఇంక కొన్ని దినములు నడచినచో శాశ్వతకీర్తి చేకూరును. కాని యున్న ఆహారముతో నలువురును ప్రాణములతో మరలి రాజాలరు. షాకిల్టన్ కీర్తిని విడిచి వెనుకకు మరలెను. ఆ తిరుగు ప్రయాణమున నొకనాడు, రోగముచేతను ఆకలిచేతను కృశించిన ఫ్రాంక్ వైల్డ్ అను సహచరునకు తన వంతు బిస్కత్తును బలవంతముగా నిచ్చి తినిపించెను. వైల్డ్ దానిని జన్మమంతయు మఱవలేదు.

1911 డిసెంబరులో నార్వే దేశీయుడగు అముండ్‌సెన్ ధ్రువమును చేరెను. అందుచేత షాకిల్టన్ ఆ హిమఖండమును ఒక తీరమునుండి మఱియొక తీరమునకు దాటవలెనని సంకల్పించి, 1914 లో ఎండ్యూరెన్స్ అను ఓడపై బయలుదేరెను. ఓడలో ఆయనతో గూడ 28 మంది యుండిరి. 1915 జనవరిలో ఆ ఓడ వెడ్డెల్ సముద్రపు మంచుగడ్డల నడుమ చిక్కుకొని కదలకపోయెను.

నెలల తరబడి సూర్యుడు కానరాని చీకటిలో పనిలేక కూర్చున్నవారికి చలికంటె కలహమే పెద్ద శత్రువు. షాకిల్టన్ ఈ మర్మము నెఱిగినవాడు. ఓడ నేలను తుడుచుట మొదలగు పనులలో శాస్త్రజ్ఞులకును నావికులకును భేదము లేక వంతులు వేసెను. సాయంకాలములందు పాటలును, మంచుపై ఆటలును ఏర్పాటు చేసెను. అక్టోబరు 27 వ తేదీని మంచు ఓడను నలిపివేయగా అందఱును మంచుగడ్డపై గుడారములు వేసికొనిరి. వెచ్చని రెయిన్‌డీర్ చర్మపు పడక సంచులు 18 మాత్రమే యుండెను. వానికి చీట్లు వేయించిరి. నాయకునకును, ముఖ్యాధికారులలో పలువురకును పలుచని ఉన్ని సంచులే దక్కెను. సామానులు తగ్గించుకొనవలసి వచ్చినపుడు ఆయన ముందుగా తన బంగారు నాణెములను మంచుపై పాఱవైచి, పిమ్మట ఇతరుల నట్లు చేయుమనెను. కాని బరువైనను బాంజో వాద్యమును ఉంచనిచ్చెను. ఉల్లాసము కూడ ఆహారమువంటిదే యని ఆయన తలంచెను. మెప్పు కోరు స్వభావము గల ఛాయాచిత్రకారుడు హర్లీని తన గుడారములోనే యుంచుకొని, అతని యాలోచన లడుగుచు సంతుష్టుని జేసెను.

డిసెంబరులో పడవలను మంచుపై ఈడ్చుకొని పోవునపుడు, మెక్నీష్ అను వడ్రంగి యెదురు తిరిగెను. ఓడ పోయినది గనుక ఒడంబడికయు పోయినదని అతని వాదము. షాకిల్టన్ అందఱిని సమావేశపఱచి ఒడంబడికను చదివి వినిపించి, ఒడ్డు చేరువరకు అది చెల్లునని స్థిరముగా చెప్పెను. వడ్రంగి మరల పనిలో చేరెను.

1916 ఏప్రిల్ మాసమున వారు మూడు పడవలలో ఎలిఫెంట్ ద్వీపమును చేరిరి. అచ్చటినుండి సుమారు 1,500 కిలోమీటర్ల దూరముననున్న దక్షిణ జార్జియా ద్వీపమునకు చిన్నపడవపై పోయి సహాయము తేవలసియుండెను. షాకిల్టన్ తనవెంట నేవురిని ఎన్నుకొనెను. వారిలో ఆ వడ్రంగి యొకడు. పెట్టెల పలకలతోను, గుడ్డతోను ఆ పడవకు కప్పు వేసి సముద్రమునకు తగినదిగా జేసినవాడు అతడే. తక్కిన 22 మందిని వైల్డ్‌కు అప్పగించి, ఏప్రిల్ 24 న బయలుదేరి మే 10 న వారు గట్టు చేరిరి. పిమ్మట షాకిల్టన్ ఇద్దఱు సహచరులతో, ఎవరును దాటి యెఱుగని మంచుకొండలను 36 గంటలలో దాటి తిమింగిలముల వేటగాండ్ర స్థావరమును చేరెను. మూడుమారులు ప్రయత్నించి విఫలుడైనను విడువక, నాలుగవమారు చిలీ దేశపు యెల్కో అను ఓడపై పోయి, ఆగస్టు 30 న ఆ 22 మందిని రక్షించెను. ఆ నాలుగు నెలలును వైల్డ్ ప్రతిదినమును, నేడే నాయకుడు రావచ్చునని చెప్పి పడకలు చుట్టించుచుండెను.

ఖండమునకు ఆవలితీరమున ఆహారము నిలువచేయబోయిన రెండవ జట్టులో ముగ్గురు మరణించిరి. శేషించినవారికొఱకు బయలుదేరిన ఓడకు డేవిస్ అను నతడు నాయకుడుగా నియమింపబడగా, షాకిల్టన్ ఆతని క్రింద సామాన్యుడుగా పోయెను. ఆజ్ఞాపించుట నేర్చినవాడు విధేయుడై యుండుటయు నేర్చియుండెను.

ఆయనయందు లోపములు లేకపోలేదు. వడ్రంగి చూపిన ధిక్కారమును మఱవలేక, పడవను బాగుచేసిన యాతనికి పోలార్ పతకము రాకుండ జేసెను. ఆపదలో చూపిన ఔదార్యమును ఆపద గడచిన పిమ్మట చూపలేకపోయెను. ఇది ఆయన కీర్తిలో నొక మచ్చ; తోడివారితో పనిచేయువారందఱును గుర్తుంచుకొనదగిన హెచ్చరిక.

1921 లో మఱియొక యాత్రకు పూనుకొనగా పాత సహచరులు పలువురు మరల ఆయనతో వెళ్లిరి. 1922 జనవరి 5 వ తేదీని దక్షిణ జార్జియాలో, 47 వ యేట, గుండెజబ్బుచే ఆయన మరణించెను. అచ్చటనే ఆయనను సమాధి చేసిరి. 1939 లో చనిపోయిన ఫ్రాంక్ వైల్డ్ చితాభస్మమును 2011 లో ఆ సమాధికి కుడిప్రక్కన నిక్షేపించిరి.

షాకిల్టన్ ధ్రువమును చేరలేదు, ఖండమును దాటలేదు. ఆయన తలపెట్టిన పని నెఱవేఱలేదు గాని, ఓడలో తనవెంట వచ్చిన ఇరువదియేడుగురును ఇండ్లకు మరలిరి. విద్యార్థులారా, రేపు మీలో కొందఱు పదిమందికి పెద్దలగుదురు. నాడు మీ చేతిలోని బిస్కత్తు ఎవరికి చెందవలెనో ఆలోచింపుడు.