42వ సంఖ్య చొక్కా: జాకీ రాబిన్సన్ జీవితము

మన విద్యార్థులలో కొందఱు తపాలా బిళ్లలను, కొందఱు పాత నాణెములను సేకరించుచుందురు. దాచదగిన వస్తువు వెలగలదే కానక్కఱలేదు. దానిని చూచినంతనే ఒక మనుష్యుడును, ఆతడు చేసిన యొక సత్కార్యమును మనస్సునకు వచ్చినచో చాలును. 1982లో అమెరికా ప్రభుత్వము వెలువరించిన తపాలా బిళ్ల యొకటి కలదు. దానిపై నున్నది రాజు గాడు, సేనాధిపతి గాడు, బేస్‌బాల్ ఆటగాడు. ఆయన పేరు జాకీ రాబిన్సన్. ఆయన తొడిగిన చొక్కాలను, పట్టిన బ్యాట్లను, సంతకము చేసిన పత్రములను ఆ దేశపు మ్యూజియములు భద్రపఱచుచున్నవి. ధనికులు వేలములలో పోటీపడి కొనుచున్నారు. చెమటతో తడిసిన చొక్కాకు ఇంత గౌరవ మెట్లు కలిగెనో తెలిసికొనవలయునన్న ఆయన చరిత్రమును తెలిసికొనవలయును.

బేస్‌బాల్ మన క్రికెట్టునకు దాయాది వంటి యాట. ఒకడు బంతి విసరును. ఎదుటివాడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, చతురస్రముగా అమర్చిన నాలుగు స్థానములను చుట్టి రావలయును. అమెరికనులకు ఈ ఆటపై నుండు మమకార మింతింత కాదు. అయినను, 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట గూడ నల్లజాతివారికి ఆ దేశమున సమానత్వము లభింపలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అను నల్లజాతి యువకుడు టొలీడో నగరపు జట్టులో చేరి పెద్ద లీగులో ఆడెను. అటుపిమ్మట జట్ల యజమానులు నల్లవారిని చేర్చుకొనుట మానిరి. విచిత్ర మేమనగా, ఆ నిషేధము ఏ నిబంధన గ్రంథమునందును వ్రాయబడలేదు. పెద్దమనుష్యులు తమలో తాము అనుకొనిన కట్టుబాటు అది. వ్రాయని నియమమును కొట్టివేయుట వ్రాసిన నియమమును కొట్టివేయుటకంటె కష్టము. అది అఱువది సంవత్సరములకు పైగా నిలిచెను.

రాబిన్సన్ 1919వ సంవత్సరము జనవరి 31వ తేదీన జార్జియా రాష్ట్రములోని కైరో పట్టణ సమీపమున ఒక పేద కౌలుదారుని యింట ఐదవ సంతానముగా జన్మించెను. శిశుప్రాయముననే తండ్రి కుటుంబమును విడిచిపోయెను. తల్లి మాలీ 1920లో ఐదుగురు బిడ్డలను వెంటబెట్టుకొని రైలెక్కి దూరమున నున్న కాలిఫోర్నియాలోని పాసడీనా చేరి, ఇండ్లలో పాచిపనులు చేసి వారిని పెంచెను. ఆమె తెల్లవారుండు వీథిలో ఇల్లు సంపాదింపగా ఇరుగుపొరుగువారు వెళ్లగొట్టజూచిరి. ఆమె దైవభక్తి గలది. కదలలేదు, ఎవరినిగాని దూషింపను లేదు. ఆయన యన్న మాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్ పందెములలో 200 మీటర్ల పరుగున జెస్సీ ఓవెన్స్ వెనుక రెండవవాడుగా వచ్చి వెండి పతకము గెలుచుకొనెను.

జాకీ యౌవనమున కొంతకాలము వీథి బాలుర గుంపులతో తిరిగెను. అప్పుడు కార్ల్ డౌన్స్ అను యువ మెథడిస్టు పాదిరి ఆతనిని చేరదీసి, చర్చికి రప్పించి, సండే స్కూలు ఉపాధ్యాయునిగా జేసెను. శనివారము ఫుట్‌బాల్ ఆటలో ఒళ్లంతయు దెబ్బలు తగిలి వచ్చినను, ఆదివారము ఉదయమున లేచి పిల్లలకు పాఠము చెప్పుటకు ఆయన పోవుచుండెను. లాస్ ఏంజిలీసులోని విశ్వవిద్యాలయమున బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, పరుగుపందెములు అను నాలుగింటను ఆయన పేరుగాంచెను.

యుద్ధకాలమున సైన్యమున చేరి 1943లో అధికారి యయ్యెను. 1944 జూలైలో టెక్సస్ లోని సైనిక శిబిరమున బస్సు నడుపువాడు ఆయనను వెనుక వరుసకు పొమ్మనగా ఆయన నిరాకరించెను. దాని ఫలితముగా సైనిక న్యాయస్థానమున విచారణ జరిగెను. ఆగస్టులో నిర్దోషి యని తీర్పు వచ్చెను. దీనిని మనము గుర్తుంచుకొనవలయును. తరువాతి కాలమున ఆయన చూపిన ఓర్పు పిఱికితనము కాదనుటకు ఇదియే సాక్ష్యము.

1945లో ఆయన నల్లజాతివారి లీగులోని కాన్సస్ సిటీ మొనార్క్స్ జట్టున ఆడుచుండగా, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు అధ్యక్షుడు బ్రాంచ్ రిక్కీ పిలిపించెను. రిక్కీ మెథడిస్టు, విశ్రాంతి దినమని ఆదివారము ఆటస్థలమునకు పోనివాడు. తాను యువకుడై కళాశాల జట్టునకు శిక్షకుడుగా నున్నపుడు, తన జట్టులోని నల్లజాతి విద్యార్థికి ఒక హోటలువారు గది నిరాకరించిరనియు, ఆ బాలుడు తన చేతి చర్మమును రుద్దుకొనుచు ఏడ్చెననియు, ఆ దృశ్యము తన్ను విడువలేదనియు ఆయన చెప్పుచుండెడివాడు.

ఆగస్టు 28వ తేదీన వా రిరువురును బ్రూక్లిన్ లోని కార్యాలయమున సుమారు మూడు గంటలు మాటాడిరి. రిక్కీ తానే హోటలు గుమాస్తాగను, ప్రత్యర్థి ఆటగానిగను నటించి, ముందు రాబోవు దూషణలన్నిటిని ఆ యువకుని ముఖముపైననే పలికి చూచెను. తిరిగి కొట్టగల ధైర్యము కాదు, కొట్టక నిలువగల ధైర్యము తనకు కావలయునని వివరించి, ఒక చెంపపై కొట్టినవానికి రెండవ చెంప త్రిప్పుమన్న క్రీస్తు బోధను జ్ఞాపకము చేసెను. సైనిక న్యాయస్థానమున సైతము తలవంచని ఆ పౌరుషవంతునకు ఇది ఎంత కఠిన పరీక్షయో ఊహింపుడు. ఆయన మాట యిచ్చెను. ఇచ్చిన మాట నిలువబెట్టుకొనెను. అక్టోబరు 23వ తేదీన డాడ్జర్స్‌కు అనుబంధమైన మాంట్రియల్ జట్టుతో ఒడంబడికపై బహిరంగముగా సంతకము చేసెను. ఒక వ్రాయని నిషేధమును వ్రాసిన పత్రముతో తెగగొట్టినది ఆ దినమే. ఇట్టి కాగితములను పరిశోధకులు ప్రాణప్రదముగా చూచుటకు కారణ మిదియే.

1946 ఫిబ్రవరిలో రేచెల్ అను విద్యావతితో ఆయన వివాహమును కార్ల్ డౌన్స్ పాదిరియే జరిపించెను. ఆ యేడు ఏప్రిల్ 18వ తేదీన మాంట్రియల్ తరఫున తొలి యాటలోనే నాలుగుమారులు బంతిని సఫలముగా కొట్టి జట్టును 14-1 తేడాతో గెలిపించెను. ఆ సంవత్సరాంతమున జట్టు విజయము సాధించినపుడు జనసమూహము ఆయన వెంట వీథిలో పరుగెత్తెను. ఆ కాలమున నల్లవాని వెంట గుంపు పడుట సాధారణముగా హింసకే, ఇప్పుడైతే ప్రేమతో.

1947 ఏప్రిల్ 15వ తేదీన ఆయన బ్రూక్లిన్ లోని ఎబెట్స్ ఫీల్డున 42వ సంఖ్యగల చొక్కా తొడిగి పెద్ద లీగులో అడుగిడెను. ఆ దినమున గొప్ప దెబ్బ యేదియు కొట్టలేదు, అడుగిడుటయే గొప్ప. కొన్ని దినములలో ఫిలడెల్ఫియా జట్టు ఆడ వచ్చి, నీచమైన తిట్లతో ఆయనను హింసించెను. ఆయన పెదవి విప్పలేదు. ఆ తిట్లు విని, అంతవరకు ముభావముగా నుండిన సహచరులు ఆయన పక్షము వహించిరి. బెదిరింపు ఉత్తరములు వచ్చినను ఆయన ఆట మానలేదు. ఆ సంవత్సరము కొత్త ఆటగాండ్రలో శ్రేష్ఠుడను బహుమానము ఆయనకే దక్కెను. జూలైలోనే లారీ డోబీ మఱియొక లీగున క్లీవ్‌లాండ్ జట్టులో చేరెను. 1949లో రాబిన్సన్ తన లీగునకు అత్యుత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యెను. 1955లో బ్రూక్లిన్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచెను. 1956 తరువాత ఆయన ఆట విరమించెను.

మౌనవ్రతము కాలావధి గలది. అది తీఱిన పిదప ఆయన అన్యాయమును బాహాటముగా ఖండించెను; 1963 వాషింగ్టన్ మహాప్రదర్శనమున పాల్గొనెను; 1964లో న్యూయార్క్ లోని హార్లెమ్‌లో నల్లవారికి అప్పులిచ్చు బ్యాంకు స్థాపనకు తోడ్పడెను. 1972 అక్టోబరు 15న, చక్కెర వ్యాధిచే చూపు మందగించిన దశలో, సిన్సినాటిలో జరిగిన సన్మానమున గూడ నల్లజాతి మేనేజరు ఒక్కడును లేడని సభాముఖమున గుర్తుచేసెను. తొమ్మిది దినములకు, 53 ఏండ్ల వయస్సున, పరమపదించెను. 1975లో ఫ్రాంక్ రాబిన్సన్ ఆ పదవి పొందిన మొదటి నల్లజాతివాడయ్యెను.

ఇక ఆయన వస్తువుల సంగతి. ఆయన చిత్రముగల అట్ట ముక్కలను ఆ కాలపు బాలురు జేబులలో వేసికొని తిరిగిరి. ఆ అట్టలకే నేడు పెద్ద వెల. కూపర్స్‌టౌన్ గౌరవమందిరమున 1962లో ఉంచిన ఆయన ఫలకముపై ఆటలోని ఘనత మాత్రమే చెక్కిరి. ఆటగానిగనే తన్ను తూచవలయునని ఆయన కోరిక. వర్ణభేదమును ఛేదించిన సంగతిని చేర్చి 2008లో క్రొత్త ఫలకము పెట్టిరి. 1997లో 42వ సంఖ్యను ఏ జట్టును ఇకపై క్రొత్త ఆటగానికి ఈయరాదని నిర్ణయించిరి. 2009 నుండి ఏప్రిల్ 15న ఆటగాండ్రందఱు ఆ సంఖ్యనే తొడుగుచున్నారు.

అయితే మా మనస్సును కదలించినవి వేఱు రెండు వస్తువులు. కైరో సమీపమున ఆయన జన్మస్థలమును తెలుపు ఫలకము 2021లో తుపాకి గుండ్లు తగిలి చెడియుండుట కనుగొనబడెను. 2024 జనవరిలో విచిటా నగరమున పిల్లల ఆటస్థలమందలి ఆయన కంచు విగ్రహమును దొంగలు చీలమండలకడ కోసికొనిపోయిరి. బూట్లు మాత్రము మిగిలెను. రెండుచోట్లను క్రొత్తవి నిలిపిరి. గుండ్లు తగిలిన ఫలకమును, ఆ కంచు బూట్లను కాన్సస్ సిటీలోని నీగ్రో లీగుల బేస్‌బాల్ మ్యూజియమున కిచ్చిరి. గాయము మాన్పలేదు, దాచలేదు. రాబోవు తరములు చూచుటకై ఉంచిరి. ద్వేష మింకను చావలేదనియు, అది ఆయన అడుగులను మాత్రము తీసికొనిపోలేకపోయెననియు ఆ బూట్లు సాక్ష్యమిచ్చుచున్నవి.

విద్యార్థులారా! మీలో ఎవరికిని ఆ చొక్కాను కొను శక్తి లేదు, దానికై విచారింపకుడు. సాయంకాలము మన ఆటస్థలమున జట్లు కోరుకొనునప్పుడు, ఏ నియమమును లేకయే, ఎవరును పిలువక, ప్రతిదినము గోడప్రక్కన మిగిలిపోవు బాలుడు ఒకడుండును. వ్రాయని కట్టుబాటు అనగా అదియే. ఆతనిని పేరుపెట్టి పిలిచి మీ జట్టులో చేర్చుకొనుడు. రాబిన్సన్ జ్ఞాపకార్థమై దాచదగిన వస్తువులలో అంతకు మించినది మా కగపడదు.