రోవనోక్ గవర్నరు జాన్ వైట్

జాన్ వైట్ ఆంగ్ల చిత్రకారుడు. 1585లో సర్ వాల్టర్ రాలీ పంపిన నౌకలలో అతడు నేటి నార్త్ కరొలైనా తీరమందలి రోవనోక్ ద్వీపమునకు వెళ్లి, అచ్చటి ఆల్గాంకియన్ జాతుల ఇండ్లను, పంటపొలములను, వారు చేపలు పట్టు విధమును నీటిరంగులలో చిత్రించెను. ఆ చిత్రములు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో భద్రముగా ఉన్నవి.

1587లో రాలీ ఆ చిత్రకారునే గవర్నరుగా నియమించి, స్త్రీలు, పిల్లలు సహా సుమారు 115 మందిని అతని వెంట పంపెను. కుంచె పట్టిన చేతికి అధికారము పొసగలేదు. వారు చేరవలసినది చెసపీక్ అఖాతము. నావికుడు సైమన్ ఫెర్నాండెజ్ వారిని రోవనోక్‌లోనే దింపివేయగా గవర్నరు కాదనలేకపోయెను. వెనుకటి ఆంగ్లేయులు అచ్చటి నాయకుడు వింగినాను 1586లో చంపియుండిరి. ఆ పగ చల్లారలేదు. వచ్చిన కొలదిదినములకే ఒక ఆంగ్లేయుడు ఒంటరిగా పీతలు పట్టుచు హతుడయ్యెను. ప్రతీకారమునకై వైట్ చీకటిలో జరిపించిన దాడి పొరపాటున మిత్రులైన క్రోయటోవన్ ప్రజలపై పడెను.

ఆగస్టు 18న అతని కుమార్తె ఎలెనార్ డేర్‌కు ఆడశిశువు కలిగెను. వర్జీనియా అని పేరిడిరి. అమెరికాలో ఆంగ్ల దంపతులకు పుట్టిన తొలి శిశువుగా ఆమె చరిత్ర కెక్కినది. తొమ్మిది దినములకే తాత ఓడ యెక్కవలసివచ్చెను. ఆహారసామగ్రి తెచ్చుటకు గవర్నరే వెళ్లవలెనని వలసవారు పట్టుపట్టిరి. తాము చోటు మారినచో దాని పేరు చెక్కి ఉంచునట్లును, ఆపదలో వెళ్లినచో పైన సిలువ గుర్తు చేర్చునట్లును ఏర్పాటు జరిగెను.

స్పెయిన్ దండయాత్ర భయముచే ఇంగ్లండులో ఓడలను నిలిపివేసిరి. 1588లో ఎట్లో రెండు చిన్న నావలు దొరికినను, దారిలో ఫ్రెంచివారు దోచుకొనగా వైట్ గాయములతో వెనుదిరిగెను. 1590లో మాత్రమే, స్పానిష్ ఓడలను కొల్లగొట్టబోవు నౌకలలో అతనికి చోటు దొరకెను. ఒడ్డు చేరకమున్నే ఒక పడవ తలక్రిందులై ఏడుగురు మునిగిరి. ఆ రాత్రి దీవిపై మంట కనబడగా, పడవలలోనివారు బూర ఊది, ఆంగ్ల గీతములు పాడిరి. బదులు రాలేదు. తెల్లవారినది మనుమరాలి మూడవ జన్మదినము.

ఇండ్లు విప్పబడియుండెను. ప్రాకారపు గుంజపై క్రోయటోవన్ అను పేరు స్పష్టముగా చెక్కబడియుండెను, సిలువ లేదు. తాను పాతిపెట్టిన పెట్టెలను ఎవరో త్రవ్వియుండిరి. పుస్తకములు చినిగి, పటములు వానకు చెడి, కవచము త్రుప్పుపట్టెను. అయినను తనవారు క్షేమమని అతడు సంతోషించెను. క్రోయటోవన్, అనగా నేటి హాటెరస్ ద్వీపము, సుమారు 50 మైళ్ల దూరమే. కాని తుపాను రేగి లంగరు త్రాళ్లు తెగెను. ఓడ అతనిది కాదు. అక్టోబరులో అతడు ప్లిమత్ రేవున దిగెను.

లోకము దీనిని జాడ తెలియని వలస అనుచున్నది. జాడ గుంజపైననే యున్నది. వెంటనే పోయి చూచినవారు లేరు. వృక్షముల వలయములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 1587 - 89 నాటి అనావృష్టి ఆ ప్రాంతమున 800 ఏండ్లలో కెల్ల తీవ్రమైనదని 1998లో తేల్చిరి. వైట్ గీసిన పటముపై అతికించిన కాగితపు ముక్క క్రింద కోట గుర్తు ఉన్నట్లు 2012లో కనుగొనిరి. కొందరు ఆ దిక్కుగా లోనాటికి పోయిరేమో.

1593లో వైట్ ఐర్లండు నుండి తన యాత్రావృత్తాంతమును రిచర్డ్ హక్లూయిట్‌కు పంపుచు, తనవారి భారమును దైవముపై వైచెను. బ్రదికియున్నచో వర్జీనియాకు అప్పటికి ఆరవ యేడు.