రెప్పపాటైనా నిలవని అణువు కోసం 17 ఏళ్లు

గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది మీథేన్ వాయువు. ఒక కర్బన పరమాణువుకు నాలుగు ఉదజని పరమాణువులు అంటుకొని ఉన్న అణువు అది. మంటలో పడగానే అది ఒక్కసారిగా బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోదు. ముందు ఉదజని ఊడి ముక్కలవుతుంది. ఇలాంటి ముక్కలను ఫ్రీ రాడికల్స్ అంటారు. దొరికిన దానితో వెంటనే కలిసిపోవడం వీటి గుణం. అందువల్ల రెప్పపాటు కాలమైనా విడిగా నిలవవు. అలాంటి వాటిని ఫొటోలో పట్టి, రూపురేఖలు లెక్కగట్టి చెప్పిన మహనీయుడు డాక్టర్ గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్.

ఆయన 1904 డిసెంబరు 25న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. నక్షత్రాలను పరిశోధించాలని ఆయన కోరిక. సొంత ఆస్తి లేనివారికి ఆ వృత్తి కుదరదని పెద్దలు తేల్చి చెప్పడంతో డార్మ్‌స్టాట్ సాంకేతిక విద్యాలయంలో చేరారు. ఉపకార వేతనంతో చదివి 1928లో డాక్టరేటు పొందారు. మరుసటి ఏడు లూయీస్‌ను వివాహమాడారు. ఆమె కూడా ఆ శాస్త్రంలోనే పరిశోధకురాలు.

లూయీస్ యూదు జాతికి చెందినవారు. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక, యూదు స్త్రీని పెళ్లాడినవారు విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పరాదని ఆంక్ష వచ్చింది. హెర్జ్‌బర్గ్ భార్యతో కలిసి 1935లో దేశం విడిచారు. అంతకు ముందు ఆయన వద్ద పనిచేసి వెళ్లిన జాన్ స్పింక్స్ అనే అధ్యాపకుని చొరవతో, కెనడాలో గోధుమ పండే మైదానాల నడుమ ఉన్న సస్కటూన్ పట్టణంలో ఉద్యోగం దొరికింది. వెంట తీసుకువెళ్లనిచ్చిన సొమ్ము మనిషికి రెండున్నర డాలర్లు మాత్రమే.

ప్రతి పదార్థం తనకంటూ కొన్ని రంగుల వెలుగునే పీల్చుకుంటుంది, లేదా వెదజల్లుతుంది. ఆ వెలుగును పట్టకంతో విడదీసి ఫొటో తీస్తే గీతలు పడతాయి. అవి వేలిముద్రల వంటివి. గీతల మధ్య దూరాలను బట్టి అణువు ఆకారం లెక్కకట్టవచ్చు. ఇదే హెర్జ్‌బర్గ్ విద్య.

కర్బనానికి రెండే ఉదజనులు మిగిలిన ముక్క పేరు మెథిలీన్. 1942లో ఆయన సస్కటూన్‌లో మీథేన్ గుండా విద్యుత్తు పంపగా, తోకచుక్కల్లో కనిపించే గీతలే కనిపించాయి. అవి మెథిలీన్‌వేనని ప్రకటించారు. కాని 1949లో ఇతర దేశ శాస్త్రజ్ఞులు మామూలు ఉదజనికి బదులు బరువైన ఉదజనితో పరీక్షించగా ఆ గీతలు కదలలేదు. అంటే అందులో ఉదజనే లేదు! అవి మూడు కర్బనాల అణువువని 1951లో తేల్చినది హెర్జ్‌బర్గ్ శిష్యుడే, ఎ.ఇ. డగ్లస్.

హెర్జ్‌బర్గ్ పట్టు విడువలేదు. 1948 నుంచి ఆటవాలోని జాతీయ పరిశోధన మండలిలో పని సాగించారు. కేంబ్రిడ్జిలో నారిష్, పోర్టర్ కనిపెట్టిన మెరుపుదీపం పద్ధతిని చేపట్టారు. మొదటి మెరుపు వాయువును ముక్కలు చేస్తుంది. సెకనులో లక్షల వంతు వ్యవధిలో రెండో మెరుపు ఆ ముక్కల ఫొటో తీస్తుంది. ఇలా మూడు ఉదజనుల మెథిల్ 1956లో చిక్కింది. మెథిలీన్ 1959లో దొరికింది. తొలి ప్రయత్నం తరువాత పదిహేడేళ్లకు!

మెథిలీన్ తిన్నగా ఉంటుందని ఆయన మొదట భావించారు. 1970లో ఇతరుల ప్రయోగాలు అది వంగి ఉంటుందని చూపాయి. ఆయన తన ఫొటోలను తిరిగి పరిశీలించి, అది నిజమేనని ఒప్పుకున్నారు.

1971లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పరాయి దేశంలో కష్టసుఖాలు పంచుకున్న లూయీస్ ఆ కబురు వినలేదు. కొద్ది నెలల ముందే ఆమె కన్నుమూశారు.

హెర్జ్‌బర్గ్ 1999 మార్చి 3న ఆటవాలో, 94 ఏళ్ల వయసులో పరమపదించారు. నక్షత్రాల శాస్త్రం చదివే స్థోమత లేకపోయిన ఆయన పేరును శాస్త్రజ్ఞులు ఆకాశంలోని ఒక గ్రహశకలానికి పెట్టారు.