హ్యాండిల్ తిప్పే పని తప్పించినాయన

ములకలపల్లిలో మా పెదనాన్నగారి పాత పెట్రోలు కారు ఇంకా ఉంది. వానాకాలం వచ్చిందంటే పొద్దున్నే మొండికేసేది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి పాయింట్లను గరుకు కాగితంతో రుద్దితేగాని కదిలేది కాదు. మొన్న మా అన్నయ్య పాల్వంచ నుంచి మెకానిక్‌ని పిలిపించి, ఆ పాయింట్లూ కండెన్సరూ తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాడు. తీసేసిన పాయింట్లు నా చేతిలో పెట్టాడు. రెండు వేళ్ళ మధ్య ఇమిడే ముక్క. ఆ పద్ధతిని కార్లలో స్థిరపరిచినాయన గురించి చదివాక మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన పేరు చార్లెస్ కెట్టరింగ్. 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓ రైతు ఇంట పుట్టాడు. చిన్నప్పట్నుంచీ కళ్ళు సరిగా ఉండేవి కావు, పుస్తకం పడితే తలనొప్పి. కొన్నాళ్ళు పల్లె బడిలో పంతులుగా చేశాడు. కాలేజీలో చేరి, కళ్ళ మూలంగానే మధ్యలో మానేసి, టెలిఫోను లైన్లు వేసే ముఠాలో పనికి కుదిరాడు. మళ్ళీ చేరితే తోటివాళ్ళు పాఠాలు చదివి వినిపించేవారట. ఎలాగైతేనేం, 1904లో ఇంజనీరు పట్టా పుచ్చుకున్నాడు. మరుసటేడు ఆలివ్ విలియమ్స్‌తో పెళ్ళయింది.

డేటన్ ఊళ్ళో దుకాణాల గల్లాపెట్టెలు చేసే కంపెనీలో ఉద్యోగం. పిడి తిప్పే పని లేకుండా గల్లాపెట్టెకి చిన్న కరెంటు మోటారు అమర్చాడు. ఉద్యోగం ముగిశాక రాత్రిళ్ళు స్నేహితుడు ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో ఇంకొందరితో కలిసి కార్ల పని చేసేవాడు. అక్కడే తయారైంది ఈ ఇగ్నిషన్. బ్యాటరీ కరెంటు తీగచుట్టలోకి పోతుంటుంది. పాయింట్లు టక్కున విడిపోగానే కరెంటు తెగి, చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గులో నిప్పురవ్వ లేస్తుంది. ఇంజను వేగంగా తిరిగితే నిమిషానికి వేలసార్లు ఇదే తంతు. అందుకే పాయింట్లు కాలి గుంటలు పడతాయి. ఇప్పుడు అన్నయ్య కారులో కరెంటు తెంపే పని అయస్కాంతాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ ముక్కది. అక్కడ రాపిడి లేదు, రుద్దే పనీ లేదు. తీగచుట్ట మాత్రం అదే పద్ధతి!

1910 నాటి క్యాడిలాక్ కార్లకి ఈ ఇగ్నిషన్ ఎక్కింది. అసలు మేలు దాని తర్వాతిది. ఆ రోజుల్లో కారు కదలాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నిందా, మణికట్టు విరిగేది. దారిలో ఆగిన ఓ మహిళ కారుకి సాయం చేయబోయి, హ్యాండిల్ దెబ్బ తగిలి ఒకాయన ప్రాణమే పోయిందనీ, ఆయన స్నేహితుడైన క్యాడిలాక్ అధిపతి లేలాండ్ ఆ బాధతోనే కెట్టరింగ్‌ని అడిగాడనీ కథ చెప్పుకుంటారు. ఇంజను తిప్పేంత మోటారంటే బండెడు ఉండాలని అందరి లెక్క. గల్లాపెట్టె గుర్తొచ్చింది ఈయనకి. మోటారు పని చెయ్యాల్సింది కొన్ని క్షణాలే, చిన్నదైనా ఆ కాస్త సేపు తట్టుకుంటుంది. మన మిక్సీ రెండు నిమిషాలు తిరిగి ఆగినట్టే. 1912 క్యాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఆడవాళ్ళు ఎవర్నీ బతిమాలకుండా పెట్రోలు కారు తీయగలిగారు.

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ ఆయన జనరల్ మోటార్స్ పరిశోధనశాల పెద్దయ్యాక, 1921లో ఆయన కింద పనిచేసే థామస్ మిడ్జ్‌లీ పెట్రోల్లో సీసం మందు కలిపితే ఇంజను కొట్టుకోవడం తగ్గుతుందని కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే లోకానికి తెలుసు. 1924లో ఆ మందు తయారుచేసే చోట పనివాళ్ళు మతి చెడి చనిపోయారు కూడా. ఆ సరుకు అమ్మే ఎథిల్ కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెట్టరింగే. తెలియక చేశాడని నేననుకోను. కారు పొగలోని సీసం పిల్లల మెదడుకి చేటని తర్వాత రుజువైంది.

చేతికొచ్చిన డబ్బు మాత్రం దాచుకోలేదు. 1945లో స్నేహితుడు స్లోన్‌తో కలిసి న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థ పెట్టించాడు. ఎందరు తల్లులు ఆ పరిశోధనల వల్ల బతికారో! మరుసటేడే ఆలివ్ పోయింది. ఆయన 1958 నవంబరు 25న, ఎనభై రెండేళ్ళ వయసులో కన్నుమూశాడు.

సీసం పెట్రోలు ఆయన వెనక చాలా ఏళ్ళు బతికింది. మన దేశంలో 2000లో పోయింది, ప్రపంచంలో చివరికి 2021లో, అల్జీరియాలో. పెదనాన్నగారు కొత్తగూడెం బంకులో కారు ఆపినప్పుడల్లా, ఆ పెట్రోలు వాసన బాగుంటుందని మేం పిల్లలం కిటికీ అద్దాలు దించుకుని పోటీపడి పీల్చేవాళ్ళం.