ప్రకాశం పంతులుగారు, మద్యనిషేధం

ఆనాటి మడకశిర తాలూకా ఆంధ్రసీమ నుండి మైసూరు సీమలోనికి చొచ్చుకొనిపోయిన నేల. శిరా, మధుగిరి, పావగడ మూడు దిక్కుల దాని పొరుగు. 1948లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి రాగా, ఈ మారుమూల తాలూకాలోని కల్లు అంగళ్ళు కూడ మూతపడవలసినదే. అంగడి మూయించుట అధికారులకు ఒక్క పూట పని. ఈతచెట్టును నమ్ముకొన్న ఈడిగవాని ఇంట పొయ్యి వెలిగించుట ఎవరి పని? ఈ ప్రశ్నయే ఆరేండ్ల తరువాత ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గాన్ని కూల్చినది.

పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపమున వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి చిన్ననాడే గతించగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి ఇల్లు నడిపి బిడ్డలను పెంచారు. రాజమహేంద్రవరంలో వకీలుగా, పురపాలక సంఘాధ్యక్షులుగా పేరు గడించి, ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై, మద్రాసు హైకోర్టులో విశేషంగా ధనమార్జించారు. 1921లో ఆ వృత్తికి స్వస్తి చెప్పి స్వరాజ్య పత్రికను స్థాపించి, ఆర్జించినదంతా దానికే ధారపోశారు. 1928లో సైమన్ సంఘం వచ్చిన నాడు తుపాకులకు రొమ్ము చూపిన కథ పిల్లలకు సైతం తెలిసినదే, ఇక్కడ విస్తరించనక్కరలేదు.

సహాయ నిరాకరణ కాలంలో కల్లు దుకాణాల ముందు కాంగ్రెసు స్వచ్ఛంద సేవకులు పికెటింగు చేసేవారు. భూమిశిస్తు తరువాత తెల్లదొరతనానికి పెద్ద రాబడి అబ్కారీదే కనుక, ఆ దెబ్బ బొక్కసానికే తగిలేది. 1937లో రాజాజీ ప్రధానిగా, పంతులుగారు రెవెన్యూ మంత్రిగా ఏర్పడిన ప్రభుత్వం సేలం జిల్లాతో నిషేధాన్ని ఆరంభించి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించినది. చట్టమొక్కటే చాలదని అప్పుడు గ్రహించారు. సేలంలో సాయంవేళ మనిషి కల్లంగడికి బదులు మరొకచోటికి పోవుటకై ఆటలు, వినోదాలు, తేనీటి అంగళ్ళు, పొదుపు సంఘాలు ఏర్పరచారు. పోయిన రాబడికై 1939లో అమ్మకపు పన్ను వచ్చినది. కల్లు పోయినా ఆ పన్ను మాత్రం స్థిరపడినది! యుద్ధకాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని ప్రక్కకు నెట్టగా, 1946లో పంతులుగారు ముఖ్యమంత్రియైన ఏడు అది తిరిగి మొదలైనది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించినది. ఎనుబదియొక్క ఏండ్ల పంతులుగారు ముఖ్యమంత్రి; అనంతపురం జిల్లావారైన నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. చాలీచాలని బొక్కసంతో పుట్టిన రాష్ట్రానికి నిషేధం మోయలేని బరువైనది. పల్లెల్లో నాటుసారా పెరిగినది. తాటిబెల్లపు సహకార సంఘాలున్నా, బెల్లం కాచుటకు కట్టెలు కావలె, అమ్ముటకు బజారు కావలె. కల్లు గీచినవానికి దొరికిన రొక్కం దానిలో ఎక్కడిది? రాయలసీమ ఈడిగలు, గోదావరి తీరపు శెట్టిబలిజలు, ఉత్తరాన శ్రీశయనులు ఒక్క చట్టంతోనే వృత్తి కోల్పోయినారు.

ప్రభుత్వం నియమించిన ఎస్. వి. రామమూర్తి సంఘం నిషేధం విఫలమైనదని తేల్చి, రద్దు చేయమని సలహా ఇచ్చినది. పంతులుగారి ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. గౌతు లచ్చన్నగారి నాయకత్వాన గీతకార్మికులు సత్యాగ్రహం చేసి జైళ్ళకు నడిచారు. ఒకనాడు అంగళ్ళ ముందు పికెటింగు జరిపించిన పక్షమే నేడు చెట్టెక్కినవానిని జైలుకు పంపవలసివచ్చినది. పంతులుగారి పట్టుదల గొప్పదే. కాని ఆ పట్టుదలలో సగమైనా గీతకార్మికునికి వేరొక జీవనాధారం చూపుటకు వెచ్చించి ఉంటే కథ వేరుగా నడిచేది.

1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గినది. రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955 ఎన్నికల పిమ్మట బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయినారు. విచిత్రమేమనగా, మంత్రివర్గాన్ని పడగొట్టిన ఆ నిషేధం మాత్రం కొత్త ప్రభుత్వంలోనూ నిలిచినది.

పంతులుగారికి మరల పదవి రాలేదు. ఊరక కూర్చుండుట ఆయన స్వభావం కాదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతపు పేదల వాడలలో తిరుగుచు వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు.